తిరిగేది కళ్లే

తల తిరిగింది, కళ్లు తిరిగాయి, కళ్లు బైర్లు కమ్మాయి, తూలొచ్చింది, తల దిమ్ముగా ఉంది, కాళ్ల కింద నేల కదిలినట్టుంది. తెలుగిళ్లలో తరచూ వినపడే ఈ మాటలు పైకి ఒకే బాధలా ఉంటాయి కానీ ఒక్కోటి ఒక్కో చోటు చూపిస్తుంది. కూర్చున్న మనిషి లేవగానే కళ్ల ముందు చీకటి కమ్మితే అది చాలాసార్లు రక్తపోటు పడిపోవడం. కూర్చుంటే హాయిగా ఉండి, నడిస్తేనే తూలుతుంటే కాళ్ల నరాలో చిన్నమెదడో చూడాలి. మంచం, గోడలు, పైనున్న ఫ్యాను అన్నీ కలిసి గిర్రున తిరిగితే మాత్రం ముందుగా అనుమానించాల్సింది లోపలి చెవిని. వైద్యులు వర్టిగో అనేది ఈ చివరిదాన్నే.

ఢిల్లీ సరోజినీ నగర్‌లో ఈ తేడా ఇట్టే జారిపోతుంది. హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు పేరు పెట్టుకున్న ఈ ప్రభుత్వోద్యోగుల కాలనీకి దేశం నలుమూలల నుంచి కుటుంబాలు వచ్చాయి, తెలుగువాళ్లూ వచ్చారు. ఊరి నుంచి కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వచ్చిన పెద్దావిడ పొద్దున్నే పక్క మీద నుంచి లేస్తూ గోడ పట్టుకుంటుంది. ఇంట్లో చెప్పినప్పుడు "ఇటు ఒత్తిగిలితే ఇల్లంతా తిరిగిపోతోంది, అటు పడుకుంటే ఏం లేదు" అని ఎంతో స్పష్టంగా చెబుతుంది. ఆసుపత్రిలో డాక్టరు ముందు కూర్చునేసరికి ఆ మాటంతా ఒక్క హిందీ ముక్కగా మారుతుంది: చక్కర్ వస్తోంది. బైర్లు కమ్మినా చక్కరే, తూలినా చక్కరే, గిర్రున తిరిగినా చక్కరే. రోగ నిర్ణయానికి కావలసిన సగం సమాచారం అనువాదంలోనే పోతుంది.

అసలు ఈ బాధకు తెలుగువాళ్లు పెట్టిన పేర్లలో నిజానికి అతి దగ్గరగా ఉన్నది "కళ్లు తిరగడం". లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు తిరిగేది లోకం కాదు, తలా కాదు. కళ్లే. రోగి కనుగుడ్లు తమంతట తాము ఒక వైపుకు మెల్లగా జారి, చటుక్కున వెనక్కి వస్తాయి, మళ్లీ జారతాయి. వైద్యశాస్త్రంలో దీన్ని నిస్టాగ్మస్ అంటారు. ఎదుట కూర్చున్నవాళ్లు పరీక్షగా చూస్తే మామూలు కంటికే చాలాసార్లు కనిపిస్తుంది. కళ్లు ఎటు కదిలాయి, ఎంతసేపు కదిలాయి, ఏ భంగిమలో కదిలాయి అన్నదాన్ని బట్టే చెవి వైద్యులు జబ్బు ఎక్కడుందో పట్టుకుంటారు. చెవి జబ్బును కంట్లో చదవడమే వర్టిగో పరీక్షల్లో చాలావాటికి మూలం.

కావడి లెక్క

చెవి అంటే వినడానికేనని అందరూ అనుకుంటారు. వినికిడికి పనికొచ్చే నత్తగుల్ల ఆకారపు భాగాన్ని ఆనుకుని, కణత ఎముక లోపల, ఒళ్లు నిలదొక్కుకోవడానికి పనికొచ్చే మరో యంత్రాంగం ఉంది. దానిలో మూడు అర్ధవృత్తాకార నాళాలు ఒకదానికొకటి సుమారు లంబంగా, గది మూలలో రెండు గోడలూ నేలా కలిసినట్టు అమరి ఉంటాయి. తల ఏ దిక్కుకు తిరిగినా మూడింట్లో ఏదో ఒకటి పట్టుకుంటుంది. నాళాల్లో ద్రవం ఉంటుంది. తల తిరిగిన క్షణంలో ద్రవం కాస్త వెనకబడి, నాళం మొదట్లో ఉన్న జిగురు తెరను వంచుతుంది. తెరలోకి చొచ్చుకుని ఉన్న సన్నని రోమకణాలు ఆ వంపును నాడీ సంకేతంగా మార్చి మెదడుకు పంపుతాయి.

ఒప్పులకుప్ప ఆడిన ఆడపిల్లలకు ఇది ఒంటికి తెలుసు. చేతులు పెనవేసుకుని, వెనక్కి వాలి, గిరగిర తిరిగి ఆగినప్పుడు కాళ్లు ఆగుతాయి కానీ నాళాల్లోని ద్రవం వెంటనే ఆగదు. అది తెరను ఎదురు దిక్కుకు వంచుతుంది. మెదడు ఇంకా తిరుగుతున్నామనే అనుకుంటుంది, వాకిలీ చెట్టూ కాసేపు తిరుగుతూనే ఉంటాయి. అరనిమిషంలో అంతా సద్దుమణుగుతుంది. ఆటలో నవ్వు తెప్పించే ఈ అనుభవమే పిలవకుండా వస్తే అది వర్టిగో.

మూడు నాళాలతో పాటు యూట్రికిల్, సాక్యూల్ అని రెండు చిన్న సంచులున్నాయి. తల ఎటు ఒరిగింది, బండి ముందుకు దూకిందా, లిఫ్టు పైకి లేచిందా అన్నది ఇవి చెబుతాయి. వీటిలోని రోమకణాల మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు పరచుకుని ఉంటాయి. సున్నపురాయిలో ఉండే పదార్థమే అది, కంటికి ఆనని రవ్వల రూపంలో. వాటి బరువు వల్లే నేల ఎటుందో చెవికి తెలుస్తుంది.

రెండు చెవులూ కలిసి పనిచేసే తీరు కావడి మోతలా ఉంటుంది. తల కదలకుండా ఉన్నప్పుడు కూడా రెండు పక్కల నుంచీ మెదడుకు సమానంగా సంకేతాలు వెళ్తూనే ఉంటాయి. తల ఎడమకు తిప్పితే ఎడమ చెవి సంకేతాలు పెరిగి, కుడివి తగ్గుతాయి. ఈ తేడానే మెదడు "తిరిగాం" అని చదువుకుంటుంది. ఏ వైరస్ వల్లో కుడి చెవి నరం వాచి మూగబోతే, తల కదలకపోయినా ఎడమ వైపు బరువు తూగుతుంది. కావడిలో ఒక కుండ ఖాళీ అయిపోయినట్టే. పడుకున్న మనిషికి మంచంతో సహా గిరగిర తిరుగుతున్నట్టు అనిపించడం దీనివల్లే.

ఈ యంత్రాంగం చేసే రెండో పని మరీ ముఖ్యమైనది, చాలామంది గమనించనిది. పేపరును కళ్ల ముందు పట్టుకుని చేతిని అటూ ఇటూ వేగంగా ఊపితే అక్షరాలు అలుక్కుపోతాయి. పేపరును కదలకుండా పట్టుకుని అంతే వేగంగా తల ఊపితే మాత్రం చదవగలం. తల కుడికి వెళ్లిన మరుక్షణం చెవి నుంచి వెళ్లిన కబురు కళ్లను అంతే మేరకు ఎడమకు తిప్పుతుంది. దీనికి పట్టేది సెకనులో సుమారు నూరోవంతు. చూపు మాత్రమే చేయాల్సి వస్తే ఇంత వేగం రాదు. నడుస్తూ బస్సు నంబరు చదవగలగడం, మెట్లు దిగుతూ ఎదుటి మనిషిని గుర్తుపట్టడం చెవి పెట్టిన భిక్ష.

రాలిన రవ్వ

లోపలి చెవి వర్టిగోల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది, అన్నిటికన్నా తేలిగ్గా నయమయ్యేదీ ఒకటే. యూట్రికిల్‌లోని సున్నపు రవ్వలు కొన్ని ఊడి, దారి తప్పి, అర్ధవృత్తాకార నాళంలోకి జారుకోవడం. వైద్యులు దీన్ని బీపీపీవీ అని పొట్టిగా పిలుస్తారు. వయసుతో వస్తుంది, తలకు దెబ్బ తగిలిన తర్వాత వస్తుంది, నెలల తరబడి మంచాన పడి లేచినవాళ్లకూ వస్తుంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ. నాళం బరువును పట్టించుకోవాల్సిన చోటు కాదు. రవ్వ అందులో దొర్లినప్పుడు ద్రవాన్ని తోస్తుంది, తల ఆగినా చెవి తిరుగుతున్నామనే చెబుతుంది.

అందుకే ఈ బాధకు భంగిమే గుర్తు. అటక మీది డబ్బా అందుకోవడానికి తలెత్తినప్పుడు, బాల్కనీలో బట్టలారేస్తూ మెడ వెనక్కి వాల్చినప్పుడు, వంగి కూరల సంచి ఎత్తినప్పుడు, రాత్రి పక్కలో ఒత్తిగిలినప్పుడు ఒక్కసారిగా వస్తుంది. నిమిషం లోపు పోతుంది. పోయాక దిమ్ము, వికారం మిగలొచ్చు కానీ గిరగిర ఆగిపోతుంది. వినికిడి తగ్గదు. సరోజినీ నగర్ మార్కెట్లో ఇనుప గొట్టాలకు, తలపైన తాళ్లకు వేలాడదీసిన బట్టలు చూస్తూ తలెత్తిన మనిషి హఠాత్తుగా దుకాణం అంచు పట్టుకుని కళ్లు మూసుకుంటే, ఎండదెబ్బ కాకపోవచ్చు. రవ్వ కదిలి ఉండొచ్చు.

దీన్ని తేల్చే పరీక్షకు మిషను అక్కర్లేదు. ఒక బల్ల, రెండు చేతులు, చూసే కళ్లు చాలు. లండన్‌లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ 1952లో దీన్ని వివరంగా రాశారు, నేటికీ వాళ్ల పేర్లతోనే నడుస్తోంది. రోగిని బల్ల మీద కాళ్లు చాపి కూర్చోబెడతారు. తలను ఒక పక్కకు 45 డిగ్రీలు తిప్పుతారు. కళ్లు మూయొద్దని చెప్పి, తలను చేతుల్లో పట్టుకుని, ఒక్క ఊపున వెనక్కి పడుకోబెడతారు, తల బల్ల అంచు దాటి కాస్త కిందికి వేలాడేలా. మొదటి కొన్ని సెకన్లు ఏమీ జరగదు. రవ్వ కదలడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. తర్వాత రోగి డాక్టరు చెయ్యి గట్టిగా పట్టుకుంటాడు, అదే క్షణంలో కనుగుడ్లు తిరగడం మొదలవుతుంది. నల్లగుడ్డు తన ఇరుసు మీద తానే నేల వైపున్న చెవి దిక్కుకు మెలితిరుగుతూ, నుదుటి వైపు ఎగిరెగిరి పడుతుంది. ఉద్ధృతమై, నెమ్మదించి, సాధారణంగా అరనిమిషంలో ఆగిపోతుంది. లేపి కూర్చోబెట్టగానే కాసేపు ఎదురు దిక్కుకు తిరుగుతుంది. ఈ దృశ్యం కనిపించిన తర్వాత స్కానింగ్ చెప్పాల్సింది దాదాపు ఏమీ మిగలదు.

వైద్యమూ ఆ బల్ల మీదే. అదే భంగిమ నుంచి తలను రెండో పక్కకు తిప్పుతారు. తర్వాత ఒళ్లంతా ఆ పక్కకే దొర్లించి, ముక్కు నేలకేసి చూసేలా ఉంచి, చివరకు లేపి కూర్చోబెడతారు. ఒక్కో మలుపు దగ్గర అరనిమిషమో నిమిషమో ఆగుతారు. గిన్నె అంచున ఉన్న గింజను గిన్నె వంచుతూ మరో చోటికి దొర్లించినట్టు, రవ్వను నాళమంతా తిప్పి యూట్రికిల్‌లోకి తిరిగి పడేయడమే దీని పరమార్థం. అమెరికాలో పోర్ట్‌ల్యాండ్ వైద్యుడు జాన్ ఎప్లీ దీన్ని రూపొందించాడు. తల తిప్పితే జబ్బు పోతుందంటే సాటి వైద్యులు చాలాకాలం నమ్మలేదు, ఆయన వ్యాసం అచ్చయ్యేసరికి 1992 వచ్చింది. నేడది ప్రపంచమంతా మొదటి వైద్యం. సరిగ్గా చేస్తే ఎక్కువమందికి ఒకటి రెండు విడతల్లోనే ఉపశమనం వస్తుంది. చేసిన తర్వాత రెండు రాత్రులు కూర్చునే నిద్రపోవాలన్న పాత నియమం అవసరం లేదని తర్వాత తేలింది. రవ్వ వేరే నాళంలో ఉంటే దొర్లించే తీరు వేరుగా ఉంటుంది. అందుకే ముందు పరీక్ష చేయించుకోకుండా, ఏ చెవో ఏ నాళమో తెలియకుండా, వీడియో చూసి ఇంట్లో చేసుకోవడం మంచిది కాదు.

విచారించాల్సిన సంగతేమంటే, ఈ ఐదు నిమిషాల పని జరగక నెలల తరబడి మాత్రలు మింగేవాళ్లు ఎందరో. పెద్దవాళ్ల మాటలో ఇది "పైత్యం". ఆయుర్వేదం భ్రమ అన్న పేరుతో దీన్ని పిత్తవాతాలకు ముడిపెట్టింది కాబట్టి ఆ మాట అక్కడి నుంచి వచ్చిందే. ఢిల్లీలో దీని పేరు "సర్వైకల్". మెడ ఎక్స్‌రే తీస్తే యాభై దాటినవాళ్లలో చాలామందికి అరుగుదల కనిపిస్తుంది. కనిపించింది కాబట్టి అదే కారణమనుకుని మెడకు పట్టీ వేస్తారు. చెవిలో రవ్వ అలాగే ఉంటుంది.

సెకన్లా, గంటలా, రోజులా

రవ్వ బాధ సెకన్లలో పోతుంది. గంటల తరబడి ఉండి, మళ్లీ మళ్లీ వచ్చే వర్టిగోకు కారణాలు వేరు. చెవి దిబ్బడ వేసినట్టుండి, లోపల హోరు పెరిగి, ఆ చెవికి వినపడటం తగ్గి, వాంతులతో గిరగిర తిరిగితే అది మెనియేర్ వ్యాధి కావచ్చు. ఒక్కో విడత 20 నిమిషాల నుంచి 12 గంటల దాకా ఉంటుంది. వినికిడి నష్టం ముందు మంద్ర ధ్వనుల్లో మొదలవుతుంది, వచ్చి పోతూ ఉండి క్రమంగా స్థిరపడుతుంది. పారిస్‌లో బధిరుల సంస్థకు వైద్యుడుగా ఉన్న ప్రోస్పర్ మెనియేర్ 1861లో ఈ జబ్బు మూలం చెవిలో ఉందని వైద్య అకాడమీ ముందు చెప్పాడు. అంతవరకూ దాన్ని మెదడుకు రక్తం పోటెత్తడంగా భావించి, జలగలు పట్టించి రక్తం తీసేవారు. మరుసటి ఏడాదే ఆయన పోయాడు, తన మాట నిలబడటం చూడలేదు.

పార్శ్వపు నొప్పి కూడా వర్టిగోగా రావచ్చు. ఐదు నిమిషాల నుంచి మూడు రోజుల దాకా ఉంటుంది. వెలుతురు, చప్పుడు భరించలేకపోవడం దీని జాడ. ప్రతిసారీ తలనొప్పి ఉండాలని లేదు కాబట్టి రోగికీ వైద్యుడికీ ఇద్దరికీ తట్టదు. చిన్నప్పుడు బస్సు ప్రయాణమంటే వాంతులయ్యేవా, ఇంట్లో ఎవరికైనా ఒంటితలనొప్పి ఉందా అని అడిగితే దారి దొరుకుతుంది.

రోజుల తరబడి ఆగకుండా తిరిగితే రెండే ముఖ్యమైన అనుమానాలు. ఒకటి ఇందాక చెప్పిన నరం వాపు. భయపెడుతుంది కానీ ప్రాణం తీయదు, మెదడు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. రెండోది చిన్నమెదడుకో మెదడు కాండానికో రక్తం అందకపోవడం, అంటే పక్షవాతం. ఇది కాలూ చెయ్యీ పడిపోకుండానే రావచ్చు. అందుకే వచ్చిన ప్రతి తిరుగుడుకూ భయపడనక్కర్లేదు గానీ కొన్ని తోడైతే క్షణం ఆగకూడదు. మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, మూతి వంకర పోవడం, ఒక పక్క తిమ్మిరి లేదా పట్టు తప్పడం, ఎన్నడూ లేని తీవ్రమైన తలనొప్పి, ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, మింగలేకపోవడం. వీటిలో ఏది ఉన్నా 112కు ఫోన్ చేయాలి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. రక్తపు గడ్డను కరిగించే మందుకు సాధారణంగా ఉన్న గడువు నాలుగున్నర గంటలు. అకస్మాత్తుగా ఒక చెవి వినపడకుండా పోవడమూ అదే రోజు చూపించాల్సిన అత్యవసరమే.

ఇక్కడ కూడా కళ్లే సాక్ష్యం చెబుతాయి. ఎదురుగా ఉన్న తన ముక్కు మీద చూపు నిలపమని చెప్పి, డాక్టరు రోగి తలను చటుక్కున కాస్త పక్కకు తిప్పుతాడు. చెవి నరం దెబ్బతిని ఉంటే కళ్లు తలతో పాటు జారిపోయి, ఆ తర్వాత ముక్కు మీదికి దూకుతాయి. హల్మాగీ, కర్థాయిస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియాలో 1988లో ఈ చిన్న కదలికను వైద్య పరీక్షగా నిలబెట్టారు. ఆగకుండా తిరుగుతూ, కళ్లు కొట్టుకుంటున్న మనిషికి ఈ పరీక్ష మామూలుగా ఉందంటే సంతోషించకూడదు. చెవి బాగుంది కాబట్టి తప్పు మెదడులో ఉండొచ్చు. ఈ పరీక్షకు మరో రెండు కంటి పరీక్షలు కలిపి, శిక్షణ పొందిన వైద్యులు చేస్తే, మొదటి రోజుల్లో ఎంఆర్ఐకి అందని పక్షవాతాలు కూడా పట్టుబడతాయని 2009లో వెలువడిన అధ్యయనం చూపింది. సీటీ స్కాన్ అయితే మెదడు వెనకభాగపు దెబ్బలను మరీ తరచుగా వదిలేస్తుంది. స్కాన్ మామూలుగా వచ్చిందన్న ఒక్క మాటతో ఇంటికి పంపేయడం అందుకే చాలదు.

చన్నీళ్లు, వేన్నీళ్లు

బల్ల మీద పరీక్షలు తేల్చనివాటికి పరికరాలు కావాలి. అన్నిటికన్నా ముందు చేయాల్సింది వినికిడి పరీక్ష, ఆడియోమెట్రీ. తిరుగుడుకూ వినికిడికీ సంబంధమేమిటని విసుక్కునేవాళ్లుంటారు. ఒకే ఎముక గూటిలో, ఒకే ద్రవంతో, ఒకే నరం ద్వారా రెండూ నడుస్తాయి కాబట్టి ఒకదాని గుట్టు రెండోదానిలో బయటపడుతుంది.

లోపలి చెవిని ఒక్కొక్కటిగా పరీక్షించే దారి దొరకడం వెనక వియన్నాలోని ఒక చెవి వైద్యుడి కథ ఉంది. రాబర్ట్ బరానీ రోగుల చెవులు నీళ్లతో కడుగుతుంటే కొందరికి తల తిరిగేది. నీళ్లు చల్లగా ఉండటం వల్లేనని ఒక రోగి అన్నాడు. సరేనని వేడి చేస్తే, నీళ్లు మరీ వేడెక్కి మళ్లీ తల తిరిగింది, కానీ ఈసారి కళ్లు ఎదురు దిక్కుకు కొట్టుకున్నాయి. స్నానాల గదిలో బాయిలర్‌కు ఆనుకున్న నీళ్లు వేడెక్కి పైకి లేచినట్టు, నాళంలోని ద్రవం కూడా వేడికి లేస్తుంది, చల్లదనానికి దిగుతుంది అని ఆయన గ్రహించాడు. దీనికే 1914 నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్ల చేతిలో ఖైదీ. స్వీడన్ యువరాజు కార్ల్ చొరవతో విడుదలై 1916లో బహుమతి అందుకున్నాడు.

ఈ పరీక్ష నేటికీ నడుస్తోంది. రోగి తలను 30 డిగ్రీలు ఎత్తి పడుకోబెట్టి, 30 డిగ్రీల సెల్సియస్ నీళ్లు, తర్వాత 44 డిగ్రీల నీళ్లు ఒక్కో చెవిలోకి పంపి, కళ్లు ఎంత వేగంగా కొట్టుకున్నాయో కళ్లద్దాల్లాంటి కెమెరాతో కొలుస్తారు. శరీర ఉష్ణోగ్రతకు ఏడు డిగ్రీలు కింద, ఏడు డిగ్రీలు పైన. కర్ణభేరికి చిల్లు ఉంటే నీళ్లు వాడరు. రెండు చెవుల జవాబులో సుమారు నాలుగోవంతుకు మించి తేడా ఉంటే ఒకటి బలహీనపడిందని అర్థం. కాసేపు తల గట్టిగా తిరుగుతుంది, అది పరీక్ష పనిచేస్తోందనడానికి గుర్తు. వెంట ఒకరు ఉండాలి, కడుపు నిండా తిని వెళ్లకూడదు. తిరుగుడు మాత్రలు సాధారణంగా రెండు రోజుల ముందు నుంచి, డాక్టరును అడిగి, ఆపాలి. బీపీ, షుగరు, ఫిట్స్ మందులు మాత్రం సొంతంగా ఆపకూడదు.

తలను చటుక్కున తిప్పే పరీక్షను కెమెరాతో చేసే వీడియో పద్ధతి ఇప్పుడు ఆరు నాళాలనూ విడివిడిగా చూపిస్తుంది. చెవిలో గట్టి శబ్దం వినిపించి మెడ కండరం స్పందన కొలిచే పరీక్ష సాక్యూల్ సంగతి చెబుతుంది. అందరికీ ఇవన్నీ అక్కర్లేదు. ముందు మాట విని, తర్వాత బల్ల మీద పరీక్షించి, ఆ తర్వాతే మిషన్ల దగ్గరికి పంపడం మంచి వైద్యుడి లక్షణం.

తల ఆన్చుకుని చదివిన డాక్టరు

రెండు చెవులూ ఒకేసారి దెబ్బతింటే గిరగిర ఉండదు, ఎందుకంటే కావడిలో రెండు కుండలూ ఖాళీయే. అప్పుడు వచ్చేది వేరే బాధ. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ల వల్ల దాన్ని అనుభవించిన ఒక అమెరికన్ వైద్యుడు 1952లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో తన కథ రాశాడు. పక్కలో పడుకుని పుస్తకం చదవాలన్నా నాడి కొట్టుకున్నప్పుడల్లా తల కదిలి అక్షరాలు ఎగిరేవి. మంచం తలవైపు ఉన్న ఇనుప ఊచల మధ్య తల ఇరికించుకుని చదివాడు. నడుస్తుంటే ఎదురొచ్చేవాళ్ల ముఖాలు పోల్చుకోలేక, బోర్డు మీది అక్షరాలు చదవడానికి ఆగి నిలబడేవాడు.

ఇది మన దేశంలో మరిచిపోకూడని కథ. స్ట్రెప్టోమైసిన్ దశాబ్దాల పాటు క్షయ వైద్యంలో ఉంది. అదే కుటుంబానికి చెందిన జెంటామైసిన్ ఇంజెక్షన్ ఇప్పటికీ వాడుకలో ఉంది, వినికిడిని వదిలేసి బ్యాలెన్సును మాత్రమే తీసేయగలదు. ప్రాణం నిలబెట్టే మందులే ఇవి, అవసరమైనప్పుడు వద్దనకూడదు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు, ఎక్కువ రోజులు ఇవ్వాల్సినప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. ఆసుపత్రిలో ఉండి వచ్చిన మనిషి చీకట్లో తూలుతున్నా, నడిస్తే లోకం ఊగుతోందన్నా "నీరసం" అనుకోకూడదు. అక్కడ ఇచ్చిన ఇంజెక్షన్ల కాగితం వెతకాలి.

మార్కెట్టే మందు

తిరుగుడు పోయాక కూడా భయం ఉండిపోయేవాళ్లున్నారు. గిరగిర ఉండదు, కానీ మూడు నెలలు దాటినా ఊగుతున్నట్టు, తేలుతున్నట్టు ఉంటుంది. నిలబడితే, నడిస్తే, చుట్టూ కదలిక ఎక్కువైతే పెరుగుతుంది. బరానీ పేరుతో ఏర్పడిన అంతర్జాతీయ వైద్యుల సంఘం 2017లో దీనికి స్పష్టమైన లక్షణాలు నిర్ణయించింది. ఇది నటన కాదు, మనసు బలహీనతా కాదు. చెవి మీద నమ్మకం పోయిన మెదడు చూపును అతిగా ఆసరా చేసుకోవడం.

ఇలాంటి మనిషికి సరోజినీ నగర్ మార్కెట్‌ను మించిన పరీక్ష లేదు. రెండు పక్కలా రంగురంగుల బట్టలు ఊగుతుంటాయి, ఎదురుగా జనం, పక్క నుంచి జనం, తలపైన హ్యాంగర్లు. చూపు ఆసరా చేసుకుందామంటే నిలకడగా ఉన్నది ఒక్కటీ కనపడదు. 2018 నుంచి నడుస్తున్న భూగర్భ మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ మెట్లు విడిపోతుంటే మొదటి అడుగు వేయలేక ఆగిపోయేదీ ఇలాంటివాళ్లే. ఇంట్లోవాళ్లు "నువ్వు రావద్దులే" అంటారు. ప్రేమతో అన్న ఆ మాట జబ్బును పెంచుతుంది.

మెదడు మళ్లీ నేర్చుకోవాలంటే కదలాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తలకు గాయాలైన సైనికుల కోసం కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు బ్రిటన్‌లో వ్యాయామాలు తయారుచేశారు. చూపును బొటనవేలి మీద నిలిపి తల తిప్పడం, కూర్చుని లేవడం, కళ్లు మూసుకుని నిలబడటం, నడుస్తూ తల పక్కలకు తిప్పడం వంటివి వాటిలో ఉంటాయి. చేసినప్పుడు కాస్త తల తిరగాలి. తిరగకపోతే మెదడు నేర్చుకునేదేమీ లేదు. రోజూ చేస్తే కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. మార్కెట్‌నూ అలాగే విడతలుగా వాడుకోవచ్చు. సోమవారం దుకాణాలకు సెలవు, షట్టర్లు మూసిన ఆ వీధుల్లో తోడుతో ఒక చుట్టు. తర్వాత మామూలు రోజు పొద్దున్నే జనం పలచగా ఉన్నప్పుడు. ఆదివారం సాయంత్రపు రద్దీ చివర్లో.

మెదడు ఇలా మళ్లీ నేర్చుకోవడానికి అడ్డుపడేవి రోజూ వేసుకునే తిరుగుడు మాత్రలే. ప్రోక్లోర్‌పెరజీన్, సిన్నరిజిన్ లాంటివి వాంతులతో అల్లాడే మొదటి రెండు మూడు రోజులకు మేలు చేస్తాయి. తర్వాత కూడా కొనసాగిస్తే మెదడు సర్దుకోవడాన్ని వెనక్కి లాగుతాయి. పెద్దవయసువాళ్లలో నెలల తరబడి వాడితే చేతుల వణుకు, బిగుతు, నడక మందగించడం వచ్చి పార్కిన్సన్స్‌లా కనిపిస్తుంది. పాత చీటీ చూపించి మందుల షాపులో మళ్లీ మళ్లీ తెచ్చుకునే అలవాటు మానాలి.

ఓపీడీకి వెళ్లే ముందు

సరోజినీ నగర్ వాసులకు సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి, దాని ఎదుట ఎయిమ్స్ రెండూ దగ్గరే, రెండింటిలో చెవి, ముక్కు, గొంతు విభాగాలున్నాయి. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. పెద్ద ఆసుపత్రి ఓపీడీలో రోగికి దొరికేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపట్లో రోగి తెచ్చిన కాగితమే చాలా పని చేస్తుంది.

అందులో నాలుగైదు సంగతులుంటే చాలు. గిర్రున తిరిగిందా, తూలిందా, బైర్లు కమ్మిందా. ఎంతసేపు. ఏం చేస్తుండగా వచ్చింది, ఏ పక్కకు ఒత్తిగిలితే. చెవిలో హోరు, దిబ్బడ, వినికిడి తగ్గడం ఉన్నాయా. ఏయే మందులు వాడుతున్నారు, బీపీ మాత్రలతో సహా. పడుకున్నప్పుడూ లేచి నిలబడిన మూడు నిమిషాల లోపూ బీపీ చూసి రాసుకుంటే మరీ మంచిది. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే కారణం చెవి కాకపోవచ్చు. తిరుగుతున్నప్పుడు ఇంట్లోవాళ్లు ఫోన్‌తో కళ్లను దగ్గరగా వీడియో తీయగలిగితే, డాక్టరు ముందు బాధ రాకపోయినా సాక్ష్యం ఉంటుంది. హిందీ రాని పెద్దవాళ్ల వెంట వాళ్ల మాట మాటగా చెప్పగల మనిషి వెళ్లాలి. "చక్కర్" అని కుదించకుండా, వాళ్లు ఇంట్లో చెప్పినట్టే చెప్పాలి.

వయసు మీద పడితే ఇవన్నీ మామూలేనని సరిపెట్టుకున్న అమ్మానాన్నలు చాలా ఇళ్లలో ఉన్నారు. స్నానాల గదిలో ఒక్కసారి తూలి పడితే తుంటి ఎముక విరగొచ్చు, అక్కడి నుంచి మంచమే. నెలల తరబడి తిరుగుడు మాత్రలు మింగుతున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ఈ వారంలోనే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, బల్ల మీద పడుకోబెట్టి కళ్లు చూడమని అడగండి.